దొరికిందా?

కోర్టు గుమాస్తా ఓడెల్ కంప్యూటర్ ముందు కుర్చీ చూపించాడు. "కూర్చోండమ్మా. మన కౌంటీలో ఎవరి నేరాలైనా నేరుగా చూసుకోవచ్చు. పేరు కొట్టండి, చాలు."

"మా అమ్మాయి చేసుకోబోయేవాడు. ఒక్క కేసున్నా సరే, పెళ్లి కేకు కొయ్యనివ్వను!" అంది వెర్నా.

ఆ కాబోయే అల్లుడు రాండల్ ఇంటిపేరు హోల్కం. మొదటి అక్షరం ‘హెచ్’ నొక్కగానే తెరమీద వేరే పేరు దానంతటదే వచ్చి నిలిచింది: హాకెట్, వెర్నా.

తన పేరే చూసి ఆమె తెరకి అడ్డంగా జరిగింది. "ఇదెవరి పేరో వచ్చిందేంటి?"

"ముందు కూర్చున్నవాళ్లు వెతికిందయ్యుంటుంది. పోయినవారం ఎర్రగడ్డం కుర్రాడొకడు చాలాసేపు చదువుకున్నాడు."

ఎర్రగడ్డం రాండల్‌దే. ఆమె ఒకప్పుడు ఇచ్చిన దొంగ చెక్కు, దానికి పడ్డ జైలు, కన్నకూతురికీ చెప్పని సంగతి అతను చదివేశాడు. చదివాకే నిన్న భోజనాల దగ్గర కొత్తింటి తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. "మీ దగ్గరుంటే నాకు బెంగుండదమ్మా" అన్నాడు, ముఖం చెక్కుచెదరకుండా.

ఆ తాళాలు ఇప్పుడు ఆమె సంచిలోనే ఉన్నాయి.

"దొరికిందా అమ్మా?" అని అడిగాడు ఓడెల్.

వెర్నా తల దించుకుంది.

"దొరికిపోయాను నాయనా."