తొండం దగ్గర సందు

"అమ్మా, మీ ఏనుగుకి తొండం ఊడిపోయింది."

కంప్యూటర్ క్లాసంతా గొల్లుమంది.

బొమ్మల సారు స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాడు. కోలగుండ్రం పొట్ట, గుండ్రటి తల, స్తంభాల్లాంటి నాలుగు కాళ్ళు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒకదానికొకటి అంటుకోలేదంతే. తలకీ తొండానికీ మధ్య చీమలు ఊరేగింపు తీసేంత సందు.

"మొన్న కుందేలుకీ ఇంతేగా సారూ! తల ఒక ఊళ్ళో, చెవులు ఇంకో ఊళ్ళో" అన్నాడు పక్క కుర్చీలోని టైలరు.

ఏనుగు గీసినావిడ పేరు ఎవరూ అడగలేదు. చేరిన రోజే 'సందులావిడ' అని పెట్టేశారు.

"కావాలనే వదిలాను సారూ. పిల్లల కోసం. అంటించేస్తే వాళ్ళు..."

"పిల్లలకైతే ఇంకా ముద్దుగా ఉండాలమ్మా! రంగు లేదు, నీడ లేదు. ఉత్త గీతలు చూసి ఏ పిల్లలు మురుస్తారు?"

ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే అలవాటు సారుకి లేదు. రాంగ్ నంబర్ వచ్చినా తనే అంతా మాట్లాడి పెట్టేసే రకం.

అంతలో అతని ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా! రేపు మా బళ్ళో ఏనుగుని చూపిస్తారట!"

సారు గొంతు వెన్నలా అయిపోయింది. "నిజంగానా బంగారం?"

"కొత్త మేడం తెస్తానన్నారు. ఇంటికీ ఇస్తారట. నీకూ చూపిస్తాలే!"

ఫోన్ పెట్టేశాడు. పాపకి పుట్టుకతోనే చూపు లేదు. ఏనుగెలా ఉంటుందని అడిగినప్పుడల్లా "పేద్దగా" అనేవాడు. "బస్సులాగానా?" అనేది. ఊరందరిచేతా ఏనుగులు గీయించే మనిషి, కన్నకూతురి దగ్గర ఆ 'పేద్దగా' దాటి ఒక్క అడుగు ముందుకెయ్యలేకపోయాడు.

ఆ సంతోషంలో అతనికి దానబుద్ధి పుట్టుకొచ్చింది.

సందులావిడ మంచినీళ్ళ కోసం లేచింది. సారు ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. ముక్కలన్నీ సెలెక్ట్ చేసి ఒక్క నొక్కుతో అతికించేశాడు. చర్మానికి ముడతలు, తోకకి వెంట్రుకలు, పొట్ట కింద చిక్కటి షేడు. కాళ్ళ కింద నీడ ఎంత పరిచాడంటే, ఓ కుటుంబం పిల్లాపాపలతో కునుకు తీయొచ్చు. ఆవిడ పెన్ డ్రైవ్‌లోనే, పాత ఏనుగు మీదే సేవ్ కొట్టాడు.

ఆవిడ గబగబా వచ్చింది.

"ప్రింటు షాపు మూసేస్తారు సారూ, వస్తాను. రేపటితో ఇక్కడ నా పని అయిపోతుంది. రేపే వేరే ఊరికి బస్సు."

స్క్రీన్ వైపు చూడనైనా చూడకుండా పెన్ డ్రైవ్ లాక్కుని వెళ్ళిపోయింది.

"ప్రింటు చూసుకుని మురిసిపోతుంది చూడండి" అని సారు టైలరుకి కన్ను కొట్టాడు.

మర్నాడు సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి, పాప ఒళ్ళో కాగితం పెట్టుకుని వేళ్ళతో తడుముతూ కూర్చుని ఉంది.

"ఏం తల్లీ, చూశావా ఏనుగుని?"

"ఏమో నాన్నా. ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలీలేదు. ఎవరికీ తెలీలేదు. ఒకడు చాప అన్నాడు, ఒకడు గతుకుల రోడ్డన్నాడు."

సారు కాగితం అందుకున్నాడు. వేళ్ళతో తడిమి చూసేందుకు, వేడి చేస్తే నల్లగా ఉన్నచోటల్లా పైకి ఉబ్బే కాగితం అది. ముడతలు ఉబ్బాయి. వెంట్రుకలు ఉబ్బాయి. అన్నిటికన్నా ఎక్కువ నీడ ఉబ్బింది.

"మేడం... ఏమన్నారు?"

"మాకే సారీ చెప్పారు. తర్వాత బస్సుకి టైమైందని వెళ్ళిపోయారు. ఇంక రారట."

సారు కళ్ళు మూసుకుని ఆ నీడ మీద వేలు పెట్టి చూశాడు.

పాప సంచీలోంచి ఇంకో కాగితం తీసింది. "ఇదైతే నాకొచ్చు నాన్నా! మొన్న ఇచ్చారు." వేలు పొట్ట చుట్టూ తిరిగింది, ఆగింది, గెంతింది. తల చుట్టూ తిరిగింది, ఆగింది, గెంతింది. "ఇవిగో చెవులు! కుందేలు!"

"చెవులు... తలకి అంటుకోలేదు కదా తల్లీ" అన్నాడు సారు.

పాప పకపకా నవ్వింది.

"అంటుకుంటే ఎలా నాన్నా? ఆ సందులో వేలు ఆగితేనే కదా, తల అయిపోయి చెవి వచ్చిందని మాకు కనిపించేది!"