నూనె రాసిన చోటు

బిడ్డ భరణి తండ్రి ముఖం మరిచిపోతుందేమోనన్నదే రేణుకు అన్నిటికంటే పెద్ద భయం. బాగలూరు గులాబీ తోటలో ఆమె భర్త శివప్పది రాత్రి కాపలా; పగలూ తోట వదిలి రానివ్వరు. పురుగుమందు కొట్టే గులాబీల షెడ్డులోకి బిడ్డల్ని రానివ్వరు. షెడ్డు చుట్టూ గరుకైన తెల్ల ప్లాస్టిక్ షీటు. అందులో పడి లోపలి దీపం వెలుగు చెదిరిపోతుంది, మనిషి మసక మచ్చలా కనిపిస్తాడు. కొబ్బరినూనె రాస్తే ఆ గరుకు నిండి షీటు అద్దంలా తేటపడుతుందని కనిపెట్టింది శివప్పే. అప్పటినుంచి రోజూ రేణు అరచేతి మేర నూనె రాసి, బిడ్డను ఎత్తి చూపించేది.

“తలకు పెట్టుకునేదానికైనా కొంచెం మిగిలించవే,” అని లోపలినుంచి నవ్వేవాడు.

ఈ రాత్రి మచ్చ వచ్చి షీటు దగ్గర నిలబడింది.

“ఏమయ్యా, పలకవేమి?”

ఆమె నూనె రాసింది. వెనక గులాబీలు ముళ్లతో సహా తేటపడ్డాయి. ముందు నిలబడ్డ మనిషి మాత్రం మసకగానే ఉన్నాడు. సీసా వంచి మళ్లీ రుద్దింది. మసకే.

భరణి చేయి చాచి, “నాయనా” అంది. మసక చేయి కూడా మెల్లగా లేచింది.

షెడ్డు గేటుకు తాళం ఉంది. బిడ్డ కదలనంటోంది. రేణుకూ కదలాలని లేదు. బాగలూరు దారిన పోయేవారెవరైనా ఉంటే, శివప్పా అని ఒకసారి పిలిచి చూడండి. పలికితే, ఇద్దరూ బయటే నిలబడి ఉన్నారని చెప్పండి.