కదలని అంకె

"ఒక్కసారి ఆ మిషన్ ఆపు, బాబూ."

కంప్యూటర్ ఫ్యాన్ల దుమ్ము తుడవడానికి వచ్చిన పెద్దాయన ఆ మాట అనగానే కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌కి నవ్వొచ్చింది.

"ఆపడమా? బోర్డు చూడు. రెండు వందల పదకొండు రోజులుగా ఆగకుండా నడుస్తోంది. రెప్పవాల్చని కాపలా మాది!"

"నా భయం కూడా అదే. బాయిలర్ నుంచి క్షణక్షణం వచ్చే అంకెలన్నీ ఇది మెమరీలో దాచుకుంటుంది. పనైపోయినవి పారెయ్యడం దీనికి రాదు. ప్రోగ్రాం రాసినవాళ్ళు నేర్పలేదు. నిండిందంటే బిగుసుకుపోతుంది. ఆపి మళ్ళీ పెడితే ఖాళీ అవుతుంది. పది నిమిషాల పని."

"దుమ్ము దులిపేవాడు కంప్యూటర్‌కి వైద్యం చెప్పడం నీతోనే మొదలు, పెద్దాయనా!"

"బిగుసుకుపోతే తెర ఆరిపోదు, బాబూ. చివరి అంకెనే చూపిస్తూ కూర్చుంటుంది. బతికున్నదేదీ అంత నిలకడగా ఉండదు."

చెప్పి ఊరుకోలేదు. స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చాడు.

ఆపరేటర్ ఆ చెయ్యి విరిచినంత పనిచేసి వాచ్‌మన్‌ను కేకేశాడు. వాచ్‌మన్ మెడపట్టి గేటు బయటికి గెంటాడు. చేతిలో మసిగుడ్డ ఉన్నవాడి మాటకు ఎక్కడైనా జరిగే మర్యాద అదే.

ఆపరేటర్ టీ తాగి వచ్చి తెర చూశాడు. ఆవిరి ఒత్తిడి అరవై రెండు.

టీకి వెళ్ళేముందు కూడా అరవై రెండే.

"బండరాయిలా ఉంది," అని మురిసిపోయాడు.

నిమిషం గడిచింది. అరవై రెండు.

ఇంకో నిమిషం. అరవై రెండు.

మామూలుగా ఆ అంకె గాలిలో దీపంలా ఊగుతూ ఉండేది.

ఆపరేటర్‌కి పెద్దాయన మాట గుర్తొచ్చింది. కింద బాయిలర్ దగ్గర ఉన్నది అక్క మొగుడు.

ఫోన్ చేశాడు. నాలుగోసారికి ఎత్తాడు బావ.

"ఏంటి బామ్మర్దీ, కునుకు చెడగొట్టావ్?"

"బాయిలర్ మీద గుండ్రటి మీటర్ చూడు బావా. ముల్లు ఎక్కడుంది?"

బావ మీటర్ దగ్గరికి నడిచిన చప్పుడు.

"బావా!"

"ఎర్రగీత దాటేసిందిరా... సేఫ్టీ వాల్వ్ కూడా పట్టేసింది..."

"ఆవిరి వదిలే చేతిచక్రం తిప్పు! తిప్పు బావా!"

ఫోన్ కిందపడ్డ చప్పుడు. తర్వాత చెవులు చిల్లులు పడేలా ఆవిరి కూత.

ఆ కూతలో బావ గొంతు ఉందో లేదో తెలియలేదు. ఆపరేటర్ పడుతూ లేస్తూ మెట్లు దిగాడు.

బావ గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ బొబ్బలెక్కాయి. ప్రాణం మాత్రం ఉంది.

"నీకెలా తెలిసిందిరా?"

బావను అంబులెన్స్ ఎక్కించాక ఆపరేటర్ గేటుకేసి పరుగెత్తాడు. రోడ్డు ఖాళీ.

ఫ్యాన్లు తుడిచే కంపెనీకి ఫోన్ చేస్తే, "మేమెవర్నీ పంపలేదే!" అన్నారు.

సాయంత్రం మేనేజర్ గేటు కెమెరాలో ఆ ముఖం దగ్గర వీడియో ఆపాడు.

"ఈ మిషన్ ఉన్న ప్రతి ఫ్యాక్టరీకీ ఏదో ఒక పని పేరు చెప్పుకుని వెళ్తున్నాడని విన్నాను. నమ్మలేదు."

"ఎవరు సార్ ఆయన?"

"తొమ్మిదేళ్ళ కిందట ఇంకో ఊళ్ళో ఇదే మిషన్ బిగుసుకుని బాయిలర్ పేలితే, మిషన్‌ను బోనెక్కించలేక దాని బదులు జైలుకి పంపిన ఆపరేటర్."