ముప్పై అయిదో పువ్వు

హలో, వినబడుతోందా అండీ? పొయ్యి మీద ఏదైనా ఉంటే కట్టేసి వచ్చి కూర్చోండి. బోస్నియా కొండల్లో లివాడె అనే ఊళ్లో నఫియా అనే ఆవిడ కథ ఇది. చిన్నదే.

నఫియా ఇంటి ముందు మట్టి రోడ్డు. రోడ్డుకి అవతల ఆమె పచ్చిక బయలు.

బయలు ఆమెదే. అందులో కాలు పెట్టడానికి మాత్రం లేదు.

యుద్ధం అయిపోయి ఇరవై ఏడేళ్లయినా, గట్టు పొడుగునా పుర్రె బొమ్మల ఎర్ర బోర్డులు అలాగే ఉన్నాయి. లోపల మందుపాతరలు. ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే పటం లేదని, పటం లేని చోట్ల వంతు ఆఖర్నేనని వాటిని తీయించే ఆఫీసు వాళ్లు ఏటా అదే పాట పాడుతున్నారు.

ఆ బోర్డులు పెట్టకముందు, యుద్ధం ఆగిన మొదటి వేసవిలో గడ్డి కోద్దామని వెళ్లిన ఆమె భర్త ఆసిమ్, ఎడమ కాలు అక్కడే వదిలేసి వచ్చాడు.

ఈ జూన్‌లో ఒకాయన సైకిల్ మీద వచ్చాడు. యాభైకి దగ్గర పడ్డ మనిషి. బక్కపలచన. మెడలో కెమెరా.

నాలుగు తొక్కులు తొక్కుతాడు, దిగుతాడు, రోడ్డు మీదే బోర్లా పడుకుని అవతలి పువ్వుని ఫోటో తీస్తాడు. మళ్లీ ఎక్కుతాడు. తొందరన్నది లేదు.

"చూశావా? మన ఆవుకి గుప్పెడు గడ్డి లేదు గానీ, ఈ పెద్దమనిషికి పూల పండగ!" అంది నఫియా.

బెంచీ మీద ఆసిమ్ నవ్వాడు. "ఫోటోలేగా తీసుకుంటున్నాడు. నేనైతే కాలే ఇచ్చుకున్నా."

"అడుగులు కూడా కొలుస్తున్నాడు. పూలకి కొలతలేంటి?"

"పట్నం వాళ్లే. కొలవకపోతే వాళ్లకి పూలు కనబడవు."

రెండో రోజూ వచ్చాడు. మూడో రోజూ వచ్చాడు.

ఇక నఫియా ఆగలేక రోడ్డు దాటింది.

"ఏమండీ పూల సారూ! మూడు రోజుల్నుంచీ మా గుమ్మం ముందు దొర్లుతున్నారు. రండి, కాఫీ తాగి పోదురు గాని."

అతను లేచి బట్టలు దులుపుకున్నాడు. తలెత్తి బెంచీ వైపు చూశాడు. ఆ చూపు ఆసిమ్ కొయ్యకాలి మీద పడి అక్కడే ఉండిపోయింది.

"వద్దక్కా."

"ఏం, వద్దు?"

"మీ ఇంట్లో నేను తాగకూడదు."

నఫియాకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఊళ్లో శత్రువైనా సరే, పోసిన కాఫీ కాదని వెళ్లడు.

"కాలు లేని మనిషిని ఎప్పుడూ చూళ్లేదా? అసహ్యమా? సరే, పో! నీ ఫోటోలు ఇవాల్టితో ఆఖరు. శుక్రవారం నేనే కొడవలి పట్టుకుని దిగుతున్నా. ఒక్క పువ్వు మిగలనివ్వను."

అతని ముఖం తెల్లబోయింది.

"దిగకండి!"

"నా నేల. నా కాళ్లు. చెప్పడానికి నువ్వెవరివి?"

"ఒక్క నెల ఆగండక్కా. ఒకే ఒక్క నెల. చేతులెత్తి మొక్కుతున్నా."

నిజంగానే ఎత్తాడు చేతులు. కెమెరా మెడలో ఊగుతోంది.

"నెలే," అంది నఫియా. "ముప్పై ఒకటో రోజున బోర్డు పీకి పొయ్యిలో పెడతా. ఆఫీసు వాళ్లకీ చెప్పుకో, ఆ పైవాడికీ చెప్పుకో."

అతను సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆమె మాత్రం రోజూ పొద్దున్నే, రోడ్డు మీదికి వినబడేలా పదునుకని కొడవలి అంచు సుత్తితో కొడుతూ కూర్చుంది. వచ్చేపోయేవాళ్లు, "పిచ్చెక్కిందా నఫియా?" అంటే, "ఇరవై ఏడేళ్లు ఆగానే, పిచ్చంటే అదీ," అనేది.

ఇరవై ఎనిమిదో రోజున రెండు వ్యాన్లు వచ్చాయి. పాతరలు తీసేవాళ్లు. వాళ్ల పెద్ద సెనాద్ చేతిలో సైకిలాయన ఇచ్చిన ఫోటోల కట్ట ఉంది.

ఒక్కో ఫోటోలో ఒక పువ్వు. పువ్వు వెనక ఒక బండో, ఒక మొద్దో. కింద, రోడ్డు నుంచి ఇన్ని అడుగులని రాత.

"పెన్సిల్‌తో గుర్తు పెట్టినట్టున్నాయి పిన్నీ," అన్నాడు సెనాద్. "పువ్వు ఎక్కడుంటే పాతర అక్కడే."

రెండు వారాల్లో ముప్పై నాలుగు తీశారు.

ఫోటోలు మాత్రం ముప్పై అయిదు.

ఆఖరిదాని దగ్గర మూడు రోజులు నేలంతా జల్లెడ పట్టారు. ఏమీ దొరకలేదు. అది తేలేదాకా బోర్డులు తియ్యనన్నాడు సెనాద్.

"ఏదీ, ఆ ఫోటో ఇలా ఇవ్వు నాయనా," అన్నాడు ఆసిమ్.

నీలం పువ్వు. దాని వెనక సగానికి విరిగిన బేరి చెట్టు.

ఆసిమ్ చాలాసేపు చూశాడు. కొయ్యకాలి మీద వేళ్లతో రెండుసార్లు తట్టాడు.

"వెతక్కండి. ఇది నాకెప్పుడో దొరికింది."

సెనాద్ ఆ ఫోటో కట్టలో పెట్టేశాడు. వెళ్లి బోర్డులు ఒక్కొక్కటీ పీకాడు. మొదటిది నఫియానే పీకనిచ్చాడు.

ఆమె నడుం దాకా వచ్చిన గడ్డిలో నిలబడి, తలగుడ్డ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాయనా, ఆ సైకిలాయన ఉండేదెక్కడ? నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక జున్ను ముద్ద పట్టుకెళ్లి తప్పయిందని చెప్పుకుంటా."

"పోయిన వారమే పోయాడు పిన్నీ. ఎప్పట్నుంచో జబ్బు మనిషి."

"అయ్యో... అంత కచ్చితంగా ఎలా తెలిసిందయ్యా ఆయనకి? పెద్ద ఇంజనీరా?"

సెనాద్ ఆసిమ్ వైపు చూడలేక తల దించుకున్నాడు.

"కాదు పిన్నీ, పంతొమ్మిదేళ్ల వయసులో ఈ ముప్పై అయిదింటినీ తన చేతుల్తో పాతిన సిపాయి."

ఈ కథ మీ దగ్గరే ఆగిపోనివ్వకండి. ఇంకో ఇంటికి పంపండి.