మంచి కడుపు

సారక్క రెండోసారి టీ పోసేసరికే ఆ దంపతులు సంపత్ గురించి సగం ఆరా తీసేశారు. వయసెంత, బరువెంత, బీడీ సిగరెట్లున్నాయా, మందు తాగుతాడా. ముప్పై దాటిన కొడుక్కి, వ్యవసాయం చేస్తాడన్న ఒక్క పాపానికి, చండ్రుగొండ చుట్టుపక్కల పిల్లనిచ్చే నాథుడే లేడు. అలాంటిది మణుగూరు బొగ్గు గనిలో పనిచేసే శ్రీధర్, భార్య నిర్మలాదేవితో కారు దిగాడు. సారక్క కాళ్లు నేల మీద నిలవడం లేదు.

"మీ సంపత్ కోసం వస్తున్నరు, ఇంట్లనే ఉండక్కా" అని ఆరెంపీ డాక్టరు రామన్న పొద్దున ఫోన్ చేశాడు. అంతకు మించి ఆమె అడగనూ లేదు.

"రామన్న అంతా చెప్పిండు కదక్కా?" అంది నిర్మలాదేవి.

"అవ్, చెప్పిండు."

శ్రీధర్ దాపరికం లేకుండా కూతురు అరుణశ్రీ సంగతి ఎత్తుకున్నాడు. నిరుడు జ్వరానికి వాడిన యాంటీబయాటిక్స్‌తో పేగులోని మంచి సూక్ష్మజీవులన్నీ చచ్చాయట. పేగు లోపలి పొరను గట్టిగా ఉంచేవి అవేనట. అవి పోయి, పొర సందులిచ్చి, తిన్నది ఒంటబట్టక పిల్ల చిక్కి సగమైంది. ఆ జీవులు మళ్లీ చేరితేనే బతుకుతుందని, అవి మందుల షాపులో దొరకవని హైదరాబాద్ డాక్టరు తేల్చేశాడట.

పిల్ల లోపం తండ్రే చెప్పుకున్నాడు, ఎంత మంచి మనుషులో అనుకుంది సారక్క. మా ఇంటి పెరుగన్నం రెండు నెలలు తింటే అదే లేచి తిరుగుతుంది.

"రోగాలు ఎవ్వరికి రావు? మా పిల్లగాడైతే పుట్టినకాడినుంచి ఒక్క గోలీ మింగలే."

నిర్మలాదేవి కళ్లు తుడుచుకుంది. "అందుకే వచ్చినం. గిట్లాంటి మంచి కడుపు కోసం ఏడాది సంది తిరుగుతున్నం."

మంచి కడుపున పుట్టాడనిపించుకోవడం కన్నా కన్నతల్లికి ఏం కావాలి! మిరపచేలో ఉన్న కొడుక్కి కబురు పెడతానంది. అక్కర్లేదు, ముందు రక్తపరీక్షలు చేయిద్దామన్నారు. ఈ కాలపు పెళ్లిళ్లకు అది మామూలేనని సారక్క తలూపింది.

లేవబోతూ నిర్మలాదేవి సంచిలోంచి గట్టి మూత ఉన్న తెల్ల డబ్బా తీసి, రెండు చేతులా అందించింది.

ఆనవాయితీ కాబోలనుకుని సారక్క కళ్లకద్దుకుంది. "ఇండ్ల ఏం పెట్టియ్యమంటవ్, వదినా?"

"సంపత్ పొద్దుగాల దొడ్డికి పోయింది పెట్టియ్యక్కా, మా పిల్ల పేగులల్లకు ఎక్కిస్తరు."