ఇటుకకు వకాల్తా

"ఈసారి ఇటుకని పీకేస్తున్నాం" అన్నాడు చీఫ్, కుర్చీలో కూర్చోకుండానే.

ఇటుక అంటే ఆ కంపెనీ ఏనాడో అమ్మిన ఫోను. దాని బరువు చూసి ఆఫీసువాళ్ళే ముద్దుగా పెట్టుకున్న పేరు. ముద్దు ఎప్పుడో పోయింది, పేరు మిగిలింది. చీఫ్‌కీ ఒక పేరుంది. కత్తెర. అది ఆయనకి తెలియదని అందరి నమ్మకం. ఆయనకి తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

ఫోన్లని నడిపే సిస్టమ్‌కి కొత్త వెర్షన్ తయారవుతోంది. ఏ మోడల్‌ని ఉంచాలో, దేన్ని వదలాలో ఆ రోజు తేల్చాలి. అన్ని మోడళ్ళకీ ఒకటే ప్యాకేజీ అనేది ఆ ఆఫీసు పద్ధతి. ఇటుక ఉంటే దాని పిసరంత మెమరీలో పట్టేలా అందరి పనినీ కుదించాలి. అది పోతే అందరూ కాళ్ళు చాపుకోవచ్చు. పోతుందని కత్తెర పైవాళ్ళకి మాట కూడా ఇచ్చేశాడు.

"కుదరదు" అంది తాళాలావిడ.

ముఖం చూపిస్తే ఫోను తెరుచుకునే తాళం ఆవిడ తయారుచేసింది. ఏడాదిగా తిండీ నిద్రా దానితోనే. అది విడుదలైతే ప్రమోషన్ ఆవిడదే. అలాంటి మనిషి ముసలి ఫోను కోసం అడ్డం పడటం కత్తెరకి మింగుడు పడలేదు.

"ఎందుకు కుదరదు?"

"ఇంకా వాడేవాళ్ళున్నారు సార్."

"మా తాతగారి కళ్ళజోడు కూడా మా ఇంట్లో ఉంది. దానికీ సపోర్ట్ ఇమ్మంటారా?"

చిప్పుల ఇంజినీరు కిసుక్కుమన్నాడు. ఆవిడ అతని వైపు చూసింది. అతను ఆ నవ్వుని నీళ్ళ గ్లాసులో దాచుకున్నాడు.

"ఇటుకలోని చిప్ చేసినవాళ్ళే దాన్ని గాలికొదిలేశారు" అన్నాడు కత్తెర. "అందులో ఏ కన్నం పడినా మనమే పూడ్చాలి. టెస్టింగ్ వాళ్ళు సగం రోజు దానికే ఊడిగం చేస్తున్నారు."

"చెయ్యనివ్వండి. జీతాలు పుచ్చుకోవట్లేదా?"

మూలన కూర్చున్న టెస్టరమ్మ తలెత్తింది. "జీతం ఇస్తున్నది ఫోన్లు చూడ్డానికండీ. ఇటుకలు మొయ్యడానికి మేస్త్రీల్ని పెట్టుకోండి."

గది రెండుగా చీలిపోయింది. ఆవిడ పక్షాన ఆవిడొక్కతే ఉంది.

కత్తెర ఇలాంటి వాళ్ళని చాలామందినే చూశాడు. జనం బాధ జనం బాధ అంటూ మొదలుపెట్టినవాళ్ళకి ఆ బాధేదో తీర్చేస్తే నోటికి తాళం పడుతుంది. ఆయన కూర్చుని, గొంతు తగ్గించాడు.

"సరే. ఇటుక వాడేవాళ్ళందరికీ మనమే కొత్త ఫోను ఇద్దాం. ఊరికే ఇద్దాం. పైవాళ్ళని నేను ఒప్పిస్తాను. ఇప్పుడేమంటారు?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. లేచిన విసురుకి కుర్చీ వెనక్కిపోయి గోడకి కొట్టుకుంది.

"ఎవరడిగారు సార్ మిమ్మల్ని? చేతికి అలవాటైన వస్తువు లాక్కుని, ఇంకోటి అంటగట్టి, దాన్ని ఉపకారమంటారా? వాళ్ళకేం కావాలో తేల్చడానికి మీరెవరు?"

ఆయనతో ఎవరూ ఆ గొంతుతో మాట్లాడి ఎరగరు. చిప్పుల ఇంజినీరు గాభరాగా సర్దబోయాడు.

"పోనీ మేడమ్, ఇటుకనే ఉంచి, దానికే రెండు మూడు కొత్త సొగసులు చేర్చే దారేదైనా చూస్తాను..."

"నువ్వు నోరు మూసుకో బాబూ. దానికి కొత్తగా ఒక్క పని కూడా నేర్పొద్దు. ఫోన్ రావాలి, ఫోన్ పోవాలి. అంతే."

కత్తెరకి ఒళ్ళు మండిపోయింది. ఇక దాచిపెట్టిన కత్తి తీశాడు.

"అలాగే ఉంచుదాం. మరి చోటు ఎక్కణ్ణుంచి తేను? మీ ముఖం తాళం తీసేస్తే సరిగ్గా సరిపోతుంది. తియ్యమంటారా?"

ఆవిడ తన లాప్‌టాప్ మూత మీద వేళ్ళతో ఓసారి రాసింది.

"తీసెయ్యండి."

"ఈసారి ప్రమోషన్ మాట మరిచిపోవాలి. తెలుసుగా?"

"తెలుసు సార్. చిన్నపిల్లని కాదు."

అక్కడితో ఆట మారిపోయింది. కన్నబిడ్డలాంటి పనిని ఎవరో ముక్కూ ముఖం తెలియని జనం కోసం వదులుకున్న మనిషిని చూసి నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ముందుగా టెస్టరమ్మే చెయ్యెత్తింది. తర్వాత చిప్పుల ఇంజినీరు. తర్వాత మిగతావాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ. కత్తెర పళ్ళు నూరుకుంటూ జాబితాలో ఇటుక పక్కన 'ఉంచాలి' అని టైపు కొట్టాడు.

అందరూ వెళ్ళిపోయి, తాళాలావిడ ఒక్కతే బ్యాగు సర్దుకుంటున్నా ఆయన కదల్లేదు. ఓడిపోయినందుకు కాదు. ఎవరి చేతిలో ఓడిపోయాడో అర్థం కాక.

"ఒక్క మాట అడుగుతాను" అన్నాడు. "మీకు తెలిసినవాళ్ళెవరైనా ఇటుక వాడుతున్నారా?"

"మా ఆడపడుచు సార్. సపోర్ట్ ఆగిన రోజే కొత్తది కొంటానని కాచుక్కూచుంది."

"ఆడపడుచు కోసమా?" కత్తెర గొంతు ఆ రోజుకి మొదటిసారి మెత్తబడింది. "మా ఆవిడా మా అక్కయ్యా ఎదురుపడితే నేను బాల్కనీలోకి పోయి తలుపేసుకుంటానమ్మా. ఆడపడుచు ఫోను కోసం ప్రమోషన్ వదులుకునేవాళ్ళు కూడా ఉంటారన్నమాట."

"ఆ చిప్ వీడియో కాల్ మొయ్యలేదు సార్" అంది ఆవిడ, బ్యాగు జిప్పు లాగుతూ, "అందుకే ఇన్నేళ్ళుగా మా ఆడపడుచు నా ఇంటిని చెవులతో తనిఖీ చేసి ఊరుకుంటోంది."