సున్నం మరక

కొండ మీద రాళ్లు పేర్చిన పాతకాలపు సమాధి గుట్టలోంచి ఇద్వాల్ రాళ్లు ఎత్తుకొస్తున్నాడని ఒల్వెన్ రొట్టెల కొట్టులో చెప్పిందట. ఎక్కేటప్పుడు ముసలి గాడిదలా రొప్పుతాడట, దిగేటప్పుడు ఈల వేసుకుంటూ వస్తాడట. "దొరికిన సంబరం మరి" అందట.

అది చెవిన పడ్డాక ఇద్వాల్ భార్య మార్గెద్ రొట్టె కొనకుండానే ఇంటికి తిరిగొచ్చింది. ఆదివారం చర్చిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. మొగుడు ఎలాగూ రాడు. ఆ వేళకి సంచీ భుజాన వేసుకుని కొండెక్కుతాడు. ఎందుకని అడిగితే "నడక" అంటాడు. సంచీ దులిపితే రాతిపొడి.

ప్రార్థన కాగానే ఒల్వెన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పద, కళ్లారా చూద్దువుగాని. రేపు పురావస్తు వాళ్లకి ఫోన్ చేస్తున్నా. పక్కింటిదానివి, నీకు చెప్పకుండా చెయ్యడం బాగోదని."

తుంపర పడుతోంది. ఊదాపూల తుప్పల మధ్య, నాచు బురదలో బూట్లు దిగబడుతుంటే ఇద్దరూ ఎక్కారు. ఒల్వెన్ నోరు మాత్రం అలవలేదు.

"మా గొర్రెల దొడ్డి గోడ బాగుచెయ్యమంటే నెలల తరబడి సాగదీస్తున్నాడే నీ మొగుడు. మా నాన్న ఒంటిచేత్తో కట్టిన గోడ. ఏటా తనే సున్నం కొట్టేవాడు. దాన్ని విప్పి క్వారీ రాళ్లు పేరుస్తున్నాడు."

"పాతవి పగిలుంటాయిలే" అంది మార్గెద్ తల వంచుకుని.

కొండ కొసన, గుట్ట పక్కన ఇద్వాల్ మోకాళ్ల మీద ఉన్నాడు. గుట్టలో పెద్ద గుంట. పక్కన నోరు తెరిచిన సంచీ. చేతుల్లో పొట్టేలు తలకాయంత రాయి.

"చూశావా?" అంది ఒల్వెన్.

మార్గెద్ తలరుమాలు ముఖం మీదికి లాక్కుంది. "ఎందుకు చేశావిలా? రేపట్నించి వీధిలో ఎలా నడవను ఇద్వాల్?"

అతను ఒల్వెన్ వంక చూసి తల తిప్పుకున్నాడు. "ఇంటికెళ్లు. తర్వాత చెప్తా."

"ఇతని తరఫున నేను క్షమాపణ అడుగుతున్నా ఒల్వెన్. ఫోన్ చెయ్యకు. అన్నీ తిరిగి పెట్టిస్తా."

"నువ్వెందుకు అడగడం?" అన్నాడు ఇద్వాల్. "చేసుకోనీ."

"చేస్తా. వేల ఏళ్లుగా పడుకున్నవాళ్ల మీద కప్పిన రాళ్లయ్యా ఇవి. సిగ్గు లేదూ? మా నాన్నే బతికుంటే నీ చెయ్యి విరిచేవాడు."

మార్గెద్ అతని చేతిలోంచి రాయి లాక్కుని గుంటలో పెట్టబోయింది. దానికి ఒక పక్క పెచ్చులూడిన తెల్లటి పూత. ఆమె ఆగిపోయింది.

"చెప్పవయ్యా, ఎక్కడికి మోస్తున్నావు ఇవన్నీ?" గదమాయించింది ఒల్వెన్.

"మీ నాన్న కిందికి మోసినవి పైకి మోస్తున్నా."